తొమ్మిది అడుగులకి ఏడు మెట్లు

మా నాయనమ్మ కోసం ప్రభుత్వం ఇప్పటిదాకా పెట్టిన ఖర్చుని మొన్న సెలవుల్లో ఒకసారి లెక్కేశాను. నెలనెలా ఆసరా పింఛను 2,016 రూపాయలు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయ్యింది, మా జేబులోంచి ఆటోలకీ టిఫిన్లకీ తప్ప పెద్దగా పోలేదు. అంతకుముందు స్వచ్ఛ భారత్ కింద లెట్రిన్ కట్టుకోవడానికి 12,000. ఒక క్యాంపులో వాకర్ ఇచ్చారు. రేషన్ బియ్యం సరే సరి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి అదీ కలుపుకోవచ్చు, కానీ ఆవిడ బస్సెక్కి రెండేళ్ళు దాటింది.

ఇది తక్కువేం కాదు. మా డాడీ పనిచేసే కంపెనీ ఆయనకి ఇరవై ఏళ్ళలో ఇంత చెయ్యలేదు. అందుకే నేను రాసేది "ప్రభుత్వం ఏమీ చెయ్యదు" అనే టైపు వ్యాసం కాదు. ఇన్ని ఇచ్చాక కూడా మధ్యలో ఒక ఖాళీ మిగిలిపోయింది. ఆ ఖాళీ కొలత మా ఇంట్లో సరిగ్గా తొమ్మిది అడుగులు.

ఆపరేషన్ తర్వాత హాస్పిటల్లో డిశ్చార్జ్ చీటీ ఇచ్చారు. ఇంగ్లీష్‌లో ఉంటే నేనే చదివి చెప్పాను. మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలి, కుట్లు ఎప్పుడు తీస్తారు, అవన్నీ అయ్యాక చివర్లో మూడు లైన్లు. నేల మీద కూర్చోకూడదు. ఇండియన్ టాయిలెట్ వాడకూడదు. మెట్లు ఎక్కడం తగ్గించాలి. చీటీలో ఉన్న మందులు ఉచితంగా ఇచ్చారు, కుట్లు ఉచితంగా తీశారు. ఆఖరి మూడు లైన్లు పాటించాలంటే మాత్రం మాకు వేరే ఇల్లు కావాలి. నాయనమ్మ విని, "గట్లయితే నన్ను ఈడనే ఉంచుకోమను" అంది, హాస్పిటల్ మంచం చూపిస్తూ. నర్సు కూడా నవ్వింది.

మా ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. మాది ఇస్నాపూర్ దాటాక హైవే నుంచి లోపలికి వెళ్ళే ఊరు. మా తాత నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చాడు. అక్కడ వాన మీద ఆధారపడే చేను, ఇక్కడ నెల జీతం. మా గల్లీలో సగం ఇళ్ళ కథ ఇదే. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చాక, ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో ఒక్కో ఎస్టేటూ పెరిగాక, నిలబడి పనిచెయ్యగల ఒంటితో వచ్చినవాళ్ళందరికీ ఏదో ఒక గేటు దగ్గర పని దొరికింది. ఇళ్ళు కూడా ఆ ఒంటి కొలతలతోనే కట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళ మనిషికి ఎత్తు బేస్‌మెంట్ అంటే గొప్ప. వాన నీళ్ళు రావు, పాములు రావు, పక్కింటివాళ్ళ కంటే ఒక మెట్టు పైన ఉంటాం. ఆ ముప్ఫై ఏళ్ళవాళ్ళకి ఇప్పుడు డెబ్భై. ఫ్యాక్టరీ వాళ్ళని రిటైర్ చేసింది, ఇల్లు మాత్రం ఇంకా షిఫ్టుకి వెళ్ళే మనిషి కోసమే నిలబడి ఉంది.

ముందు వైపు నాలుగు మెట్లు ఉండేవి. సీసీ రోడ్డు వేసినప్పుడు ఒక మెట్టు రోడ్డు కిందకి పోయింది, మూడే మిగిలాయి. "సర్కారోళ్ళు ఇంకో మూడు రోడ్లు ఏస్తే నేను మెట్లు దిగే పనే ఉండది" అంటుంది నాయనమ్మ. అప్పుడు వాననీళ్ళు కూడా మెట్లు దిగే పని లేకుండా నేరుగా వంటింట్లోకే వస్తాయి, అది వేరే సంగతి.

వెనక వైపు రోడ్డు పడలేదు కాబట్టి పెరడు పాత లెవెల్లోనే ఉంది. వంటింటి వెనక దర్వాజ నుంచి పెరట్లోకి నాలుగు మెట్లు దిగాలి. అక్కడ నుంచి తొమ్మిది అడుగులు నడవాలి. లెట్రిన్‌కి మళ్ళీ మూడు మెట్లు ఎక్కాలి. అది ఎత్తులో ఎందుకుందంటే, పెరట్లో వాన నీళ్ళు నిలుస్తాయి, గుంతల్లోకి పైపు వాలు కావాలి, అందుకని అప్పట్లో కట్టినాయన గది లేపి కట్టాడు. ఆయన తప్పేం లేదు. ఆ రోజుల్లో నాయనమ్మ నెత్తి మీద బిందె పెట్టుకుని ఆ మెట్లు ఎక్కేది. మొత్తం కలిపితే తొమ్మిది అడుగుల దూరానికి ఏడు మెట్లు. పోయిన వానాకాలం ఆవిడ పడింది కూడా ఆ ఏడింటిలో ఒకదాని మీదే.

డబ్బులు మంజూరు కావాలంటే లెట్రిన్ ఫోటో తీసి లొకేషన్‌తో సహా అప్‌లోడ్ చెయ్యాలి. మా ఇంట్లో ఆ ఫోటో ఇంకా ఉంది. కొత్త పెయింట్ వేసిన తలుపు, పక్కన నాయనమ్మ మంచి చీర కట్టుకుని నిలబడింది. ఫ్రేములో మెట్లు లేవు. సీఎస్ఈ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. డేటాబేస్‌లో "కట్టారా" అనే ఫీల్డ్ ఉంది, దానికి అవును అని ఉంది. "ఇంట్లో అందరూ వాడగలుగుతున్నారా" అనే ఫీల్డ్ లేదు. లేని ఫీల్డ్‌కి ఎవరూ రిపోర్ట్ తీయరు.

హాస్పిటల్ నుంచి వచ్చాక మొదటి రెండు నెలలు ఎలా గడిచాయో కొంచెం రాస్తాను. కొంచెమే, ఎందుకంటే ఇది నాయనమ్మ పరువుకి సంబంధించిన విషయం (ఆవిడకి చదివి వినిపించాకే ఎడిటర్‌కి పంపాను. "రాస్కో, అందరి ఇండ్లల్ల ఉన్నదే" అంది). పగలు మమ్మీ, నేను చెరో పక్క పట్టుకుని దించేవాళ్ళం. రాత్రి ఆవిడ నా గదిలోనే పడుకుంటుంది కాబట్టి నా డ్యూటీ. అయితే పది రోజులయ్యాక నాకు ఒక సంగతి తోచింది. రాత్రుళ్ళు నన్ను లేపడం లేదు. ఆరోగ్యం బాగయ్యిందేమో అనుకున్నాం. మంచం పక్కన పెట్టిన చెంబులో నీళ్ళు పొద్దునకి అట్లాగే ఉండేవి. అడిగితే చెప్పింది.

"నీల్లు తాగితే మల్ల లేవాలె. నేను లేస్తే నిన్ను లేపాలె. నీకు పొద్దుగాల కాలేజీ ఉంటది బిడ్డా."

సాయంత్రం నాలుగు తర్వాత నీళ్ళు మానేసింది. అన్నం కూడా సగమే. మూడో వారానికి మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, కళ్ళు తిరగడం, మళ్ళీ హాస్పిటల్. డాక్టర్ గారు నీళ్ళు బాగా తాగాలమ్మా అని గట్టిగా చెప్పారు. నాయనమ్మ తల ఊపింది. ఆ గదిలో ఉన్నవాళ్ళలో అసలు సమస్య నీళ్ళది కాదని తెలిసింది మా ముగ్గురికే.

"కమోడ్ కుర్చీ తెచ్చి గదిలోనే పెట్టొచ్చు కదా" అని మీకు అనిపిస్తుంది. మాకూ అనిపించింది, తెచ్చాం. మా ఇల్లు రెండు గదులు. ఆ గదికీ వంటింటికీ మధ్య ఉన్నది కర్టెన్. వంటింటి గూట్లో దేవుడు. నాయనమ్మ ఆ కుర్చీని ఒక్కసారి చూసి ముఖం తిప్పుకుంది. "తినే కాడనా?" అంది, అంతే. ఆ కుర్చీ మీద ఇప్పుడు నా ఉతికిన బట్టలు ఉంటాయి. ఇది మొండితనం అని మా పిన్ని అంది. నేను ఒప్పుకోను. డెబ్భై రెండేళ్ళు శుభ్రంగా బతికిన మనిషికి తన శుభ్రత గురించి ఒక అభిప్రాయం ఉంటుంది.

అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. ఇంట్లో ఒక రెయిలింగ్, ఒక ర్యాంపు, టాయిలెట్ మార్పిడి, వీటికి ప్రభుత్వం నుంచి ఏదైనా సాయం ఉందా? నాకు ముందు వచ్చిన చిక్కు, దీన్ని తెలుగులో ఏమంటారు అని. ఇంగ్లీష్‌లో "యాక్సెసిబిలిటీ" అని కొడితే లక్ష పేజీలు వస్తాయి. కేంద్రం 2015 డిసెంబర్ 3న మొదలుపెట్టిన కార్యక్రమం పేరు సుగమ్య భారత్. ఆ "సుగమ్య" అనే మాట నాయనమ్మకి చెబితే ఎవరిదో అమ్మాయి పేరనుకుంది. ఆవిడ వాడే మాట "అందుడు". "చెయ్యి అందుతలేదు, కాలు అందుతలేదు." నా ఉద్దేశంలో ఇంతకంటే మంచి మాట లేదు.

దొరికినవి చెబుతాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అంతకుముందు 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే దీంట్లో 21. భవనాల గురించి గట్టి సెక్షన్లే ఉన్నాయి, కానీ అవన్నీ జనం వచ్చిపోయే భవనాలకి: ఆఫీసులు, బస్టాండ్లు, బళ్ళు, హాస్పిటళ్ళు. వాటికే అమలు సరిగ్గా లేదని ఒకాయన 2005లో వేసిన కేసులో సుప్రీం కోర్టు 2024 నవంబర్ 8న తీర్పు ఇచ్చింది. కొలతలు సలహాల్లాగా ఉంటే కుదరదు, తప్పనిసరిగా పాటించే రూల్స్‌గా చెయ్యండి అని. ఆ కేసులో కోర్టుకి రిపోర్ట్ రాసిచ్చింది మన శామీర్‌పేటలో ఉన్న నల్సార్ వాళ్ళు. చదివి గర్వపడ్డాను. కానీ వెనక దర్వాజ గురించి అందులో ఎలా ఉంటుంది, అది ఎవరి పరిధిలోకీ రాదు.

ముసలివాళ్ళ కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది నెల్లూరులోనే. చేతికర్ర, వాకర్, వీల్ చైర్, వినికిడి మిషన్, కళ్ళద్దాలు, పళ్ళసెట్టు ఇస్తారు. అంటే మనిషి ఒంటికి తగిలించగలిగేవన్నీ ఉన్నాయి. వికలాంగులకి ఇలాంటి పరికరాలిచ్చే పథకం ఇంకా పాతది, 1981 నుంచి ఉంది. వీల్ చైర్ ఇస్తారు, అది దాటాల్సిన గడప మాత్రం అలాగే ఉంటుంది. మాకిచ్చిన వాకర్‌దీ అదే కథ. మా లెట్రిన్ తలుపు వెడల్పు రెండడుగులు, మిల్లీమీటర్లలో 610. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల్లో ఉండాల్సింది 900. వాకర్‌ని పక్కకి తిప్పితే పడుతుంది, కానీ పక్కకి తిప్పి నడవగలిగే మనిషికి వాకర్ అవసరం లేదు.

ఇంకో విచిత్రం. వికలాంగుల పింఛను రావాలంటే సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. నాయనమ్మ వికలాంగురాలు కాదు, ముసలావిడ. ఆవిడ ఏ కాలమ్‌లో ఉందో దాన్ని బట్టి సాయం మారుతుంది, మెట్టు ఎత్తు మాత్రం రెండు కాలమ్‌ల వాళ్ళకీ ఒకటే.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది మరొకటి. మరుగుదొడ్ల పథకం నడిపిన కేంద్ర శాఖే 2015లో ఒక హ్యాండ్‌బుక్ వేసింది, వికలాంగులు ఇంట్లో వాడుకోగలిగే లెట్రిన్ ఎలా కట్టాలో బొమ్మలతో సహా. పట్టుకునే కడ్డీ, వెడల్పు తలుపు, కూర్చునే ఏర్పాటు, ర్యాంపు, తక్కువ ఖర్చులో ఎలా చెయ్యొచ్చో అన్నీ ఉన్నాయి. అంటే తెలియక కాదు. పుస్తకం ఉంది, 12,000 కూడా ఉంది. కానీ ఆ 12,000 కట్టేటప్పుడు ఒకసారి ఇచ్చేది. కట్టిన ఏడేళ్ళకి తుంటి విరిగితే ఆ పుస్తకాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఒంటికి ఖర్చుపెట్టే ఖాతా ఉంది, కొత్త ఇంటికి ఖర్చుపెట్టే ఖాతా ఉంది. ఉన్న ఇంటిని, మారిన ఒంటికి సరిపడేలా మార్చే ఖాతా లేదు.

ఇది ఎక్కడా లేదా అంటే, ఉంది. జపాన్‌లో 2000 ఏప్రిల్ నుంచి ముసలివాళ్ళ సంరక్షణకి ఒక బీమా ఉంది, నలభై ఏళ్ళు దాటిన ప్రతివాళ్ళూ నెలనెలా కడతారు. అందులో ఇంటి మార్పులకి 2 లక్షల యెన్ల దాకా లెక్క చూపొచ్చు, మన రూపాయల్లో లక్ష పైమాటే. అందులో పదోవంతు నుంచి మూడు పదోవంతుల దాకా సొంతంగా పెట్టుకోవాలి, మిగతాది బీమా ఇస్తుంది. దేనికిస్తారో లిస్టు చూస్తే మా ఇల్లు చూసి రాశారా అనిపించింది: చేతికడ్డీలు, మెట్ల ఎత్తు తేడా తీసెయ్యడం, జారని నేల, తోసే తలుపు, గొంతుకూర్చునే టాయిలెట్‌ని కుర్చీలాంటిదిగా మార్చడం. వాళ్ళకీ మనలాగే కింద కూర్చునే అలవాటు, వాళ్ళ పాత ఇళ్ళకీ గుమ్మంలోనే ఎత్తు అరుగు. ఈ కడ్డీ ఈ మనిషికి ఎందుకు కావాలో కేర్ మేనేజర్ ఒక కాగితం రాస్తారు, అది ముందుగా ఇచ్చి పని మొదలుపెట్టాలి. ఇంగ్లండ్‌లో అయితే లోకల్ కౌన్సిల్ 30,000 పౌండ్ల దాకా గ్రాంటు ఇస్తుంది, ఆదాయం చూసి. అక్కడ కూడా నెలల తరబడి వెయిటింగ్ ఉంటుందని గొణుగుతారు. వెయిట్ చెయ్యడానికి ఒక క్యూ అయినా ఉంది.

హాస్టల్లో నా ఫ్రెండ్‌తో ఇదంతా చెబితే, "మన దగ్గర అంత డబ్బు ఎక్కడిది, ఇస్తే అందరూ టైల్స్ వేయించుకుంటారు" అంది. రెండోది నిజమే కావచ్చు. మొదటిది మాత్రం లెక్క చూడాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు. రేపు అదే మెట్టు మీద రెండో తుంటి విరిగితే ఆ ఆపరేషన్ కూడా ఉచితమే. రెండోసారి పడకుండా ఉండటానికి ఒక గోడకి కడ్డీ బిగించాలంటే రూపాయి రాదు. బడ్జెట్ అడ్డమైతే ఇది తిరగేసి ఉండాలి.

సరే, మా పెరడు. ర్యాంపుకి ప్రమాణం 1:12, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. టేపు తెచ్చి కొలిచాను. వంటింటి నేల పెరటి కంటే 27 అంగుళాలు ఎత్తు. లెట్రిన్ నేల 24 అంగుళాలు ఎత్తు. అంటే దిగడానికి 27 అడుగుల ర్యాంపు, ఎక్కడానికి 24 అడుగుల ర్యాంపు, మొత్తం 51 అడుగులు. ఉన్న స్థలం తొమ్మిది. పాములాగా మెలికలు తిప్పుతూ డ్రాయింగ్ వేశాను, పక్కింటి ఆంటీ వాళ్ళ బావి దాకా వెళ్ళింది.

మేస్త్రీ వచ్చాడు. నా డ్రాయింగ్‌ని మర్యాదగా చూశాడు. నీళ్ళు నింపిన ట్రాన్స్‌పరెంట్ పైపు ఒక కొస వంటింటి గడప దగ్గర, ఇంకో కొస లెట్రిన్ దగ్గర పెట్టించి లెవెల్ చూశాడు. "మూడంగుళాలే ఫరక్ ఉన్నది కదమ్మా. దించుడెందుకు, మల్ల ఎక్కించుడెందుకు? నడిమిట్ల నింపుతా" అన్నాడు. అంతే. రెండు గోడలు లేపి మధ్యలో మొరం, పాత గోడ చెత్త నింపి, పైన కాంక్రీటు వేసి, వెనక దర్వాజ నుంచి లెట్రిన్ దాకా మూడున్నర అడుగుల వెడల్పు అరుగు. తొమ్మిది అడుగులకి మూడంగుళాల వాలు అంటే 1:36. ప్రమాణం కంటే మూడు రెట్లు మెత్తన. వాన నీళ్ళు పోవడానికి కింద ఒక పైపు. నేను యాభై ఒక్క అడుగుల దాకా వెళ్ళిన లెక్కని ఆయన టీ తాగేలోపు ముగించాడు. ఇంజనీరింగ్ ఫీజు కడుతున్న మనందరికీ ఈ సంగతి తెలిసి ఉండాలని రాస్తున్నాను.

తలుపు మూడడుగులది పెట్టి బయటికి తెరుచుకునేలా బిగించాం, లోపల పడితే తలుపుకి అడ్డం పడకుండా. పాన్ తీసి కమోడ్. గోడకి రెండు కడ్డీలు, అరుగుకి ఒకవైపు జీఐ పైపు రెయిలింగ్. జారకుండా ఉండటానికి నేలని నున్నగా చెయ్యకుండా చీపురుతో గీతలు పెట్టాడు. మొత్తం 34,600 రూపాయలు అయ్యింది. నాయనమ్మ పింఛను లెక్కలో పదిహేడు నెలలు. డాడీ చిట్టీ మధ్యలోనే పాడి ఎత్తాడు, అందులో నష్టం వేరే. ఆ చిట్టీ నా మూడో సంవత్సరం ఫీజుకి అనుకున్నది. రీయింబర్స్‌మెంట్ సంగతి మీకు తెలిసిందే కాబట్టి ఆ టాపిక్ ఇక్కడ ఆపేస్తాను.

ఇప్పుడు రాత్రి రెండింటికి నాకు టక్, టక్ అని వాకర్ చప్పుడు వినిపిస్తుంది. లైటు పడుతుంది, కాసేపటికి ఆరుతుంది. మళ్ళీ టక్, టక్. నేను లేవక్కర్లేదు, అయినా ఆవిడ వచ్చి పడుకునేదాకా నిద్ర పట్టదు. చెంబు ఖాళీ అవుతోంది. పొద్దున ఎండ పడే టైముకి ఆ అరుగు మీదే కుర్చీ వేసుకుని బియ్యం ఏరుతుంది, గోడ అవతలి ఆంటీతో మాట్లాడుతుంది. ముందువైపు మూడు మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. బతుకమ్మ నాడు ఇద్దరం పట్టుకుని దించాం.

మాకు ఇల్లు సొంతం. చిట్టీ ఉంది. మా గల్లీ చివర ఇంకో కుటుంబం ఉంది. ఆయన ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే నడుం మీద దెబ్బ తగిలి కాళ్ళు పోయాయి. ఈఎస్ఐ కింద నెలనెలా డబ్బు వస్తుంది, శాశ్వత వైకల్యానికి జీతంలో భాగం జీవితాంతం ఇస్తారు, అది పెద్ద అండే. కానీ ఉండేది కిరాయికి, మొదటి అంతస్తులో. మెట్లు ఇనుప మెట్లు, ఒక మనిషి వెడల్పు. వీల్ చైర్ కింద ఓనర్ బండి పక్కన తాళం వేసి ఉంటుంది, ఆయన పైన ఉంటారు. నెలకొకసారి హాస్పిటల్‌కి వెళ్ళాలంటే తమ్ముడు వీపు మీద మోసుకుని దించుతాడు. కింద గది ఖాళీ అయినప్పుడు అడిగారు. కింది గదుల్లో ఆరుగురు చొప్పున కంపెనీ కుర్రాళ్ళు ఉంటారు, కిరాయి ఎక్కువ వస్తుంది. గోడకి కడ్డీ బిగిస్తామంటే డ్రిల్ వేస్తే ప్లాస్టరింగ్ రాలుతుందన్నారు. ఇంగ్లండ్ గ్రాంటుకి కిరాయిదారు కూడా అప్లై చెయ్యొచ్చని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఇనుప మెట్లే. మన దగ్గర రేపు పథకం వచ్చినా సొంతింటి కాగితం అడుగుతారేమోనని నా భయం. ఈ బెల్టులో సగం మంది కిరాయికే ఉంటారని చెప్పడానికి సర్వే అక్కర్లేదు, షిఫ్టు వదిలే టైములో పాశమైలారం చౌరస్తాలో నిలబడితే చాలు.

సొంతింటి పథకాల్లో ఈ విషయం అసలు లేకపోలేదు. 2016 చట్టంలోనే ప్రభుత్వ ఇళ్ళ కేటాయింపులో వికలాంగులకి 5 శాతం అని ఉంది. మా జిల్లాలోనే కొల్లూరులో 117 బ్లాకుల్లో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్ళు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు, తొమ్మిది, పది, పదకొండు అంతస్తులు, లిఫ్టులతో. 560 చదరపు అడుగుల్లో రెండు టాయిలెట్లు, రెండూ ఇంటి లోపలే. నాయనమ్మకి ఆ ఫోటోలు చూపిస్తే టాయిలెట్ దగ్గర జూమ్ చెయ్యమంది. లిఫ్టు నడిచినన్నాళ్ళూ అలాంటి ఇల్లు ఆవిడకి స్వర్గం. నెలనెలా ఆ లిఫ్టు కరెంటు, రిపేరు ఎవరు కడతారన్నది ఎక్కడైనా అసలు ప్రశ్న, ప్రారంభోత్సవం రోజు దాన్ని ఎవరూ అడగరు.

ఇప్పుడు మా ఊళ్ళో ఇందిరమ్మ ఇళ్ళు లేస్తున్నాయి. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టిన పథకం, ఇంటికి 5 లక్షలు, దశలవారీగా ఫోటోలు అప్‌లోడ్ చేస్తే డబ్బులు పడతాయి. కనీసం 400 చదరపు అడుగులు, వంటగది, టాయిలెట్ తప్పనిసరి. మా గల్లీ మూల మీద ఒకటి బేస్‌మెంట్ అయిపోయి ఉంది, మా మేస్త్రీదే పని. ఎత్తు రెండడుగులు పైనే ఉంది, మెట్లు ఇంకా పెట్టలేదు. ఆ ఇంటావిడకి యాభై ఎనిమిది, అత్తగారు కూడా ఉన్నారు. మా పెరటి అరుగు చూడ్డానికి వచ్చారు ఇద్దరూ. అత్తగారు అరుగు మీద అటూ ఇటూ రెండుసార్లు నడిచి, రెయిలింగ్ పట్టుకుని ఊపి చూసి, "మాకు గిట్లనే పెట్టియ్యి" అంది మేస్త్రీతో. ముందువైపు స్థలం పదకొండడుగులే ఉంది, ర్యాంపు నేరుగా పట్టదు. గోడ పక్కగా తిప్పితే పట్టొచ్చని మేస్త్రీ అంటున్నాడు, గోడలు లేవకముందే చెప్పాలంటున్నాడు. టేపు పట్టుకుని ఆదివారం రమ్మన్నాడు. సివిల్ బ్రాంచ్ వాళ్ళు ఎవరైనా వస్తానంటే ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి ఫోన్ చెయ్యండి. మెలికల డ్రాయింగ్‌లు తేవద్దు.